వెనక వరసలో మూలాయన

ఆ శుక్రవారం ఉదయం ఆఫీసు మేనేజరు వేసుకున్న ప్రణాళికలో పొరపాటు దూరడానికి సందు లేదు. తొమ్మిదిన్నరకు యంత్రాలు ఆపించడం, తొమ్మిదీ నలభైకల్లా నూట పన్నెండు మందినీ ఆవరణలో నాలుగు వరసలుగా నిలబెట్టడం, పది నిమిషాల్లో ఫొటో, పదింటికల్లా మళ్ళీ యంత్రాలు. పొట్టివాళ్ళెక్కడ, పొడుగువాళ్ళెక్కడ, ఒకరితో ఒకరికి మాటల్లేనివాళ్ళ మధ్య ఎంతమందిని నిలబెట్టాలి అన్నది కూడా కాగితం మీద గీసి పెట్టుకున్నాడు.

తాళాల కంపెనీకి యాభై ఏళ్ళు నిండాయి. ఉద్యోగులందరి ఫొటోని పన్నెండడుగుల వెడల్పున అచ్చువేయించి ముందు హాలు గోడకు పెట్టించాలని మేడమ్ కోరిక. రెండు ఆకురాళ్ళతో, ఒక అద్దెగదిలో కంపెనీ మొదలుపెట్టిన మనిషి ఆవిడ. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. కంపెనీలో హాజరుపట్టీ రెండు చోట్ల ఉంటుందనేవారు. ఒకటి ఆఫీసులో, రెండోది మేడమ్ తలలో. రెండిటికీ తేడా వస్తే ఆఫీసులోదే దిద్దేవారు. ఎవరి పేరేమిటి, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారు, ఎవరికి ఏ మోకాలు నొప్పి, అన్నీ ఆవిడకు నోటికొచ్చు. అందుకే ఆ ఫొటో గురించి ఒకే ఒక్క మాట చెప్పింది. "ప్రతి ముఖం తెలియాలి. గుంపు నాకొద్దు, మనుషులు కావాలి."

ఫొటో తీయడానికి మేనేజరు తన బావమరిదినే పిలిపించాడు. అతనికి ఊళ్ళో సొంత స్టూడియో ఉంది, పాతికేళ్ళ అనుభవం ఉంది. అయితే పిలిపించడం వెనక మేనేజరు మనసులో మరో లెక్క ఉంది. నాలుగు నెలల కిందట అతను నూట ఎనిమిది మెగాపిక్సెళ్ళ ఫోను కొన్నాడు. ఒక ఎండపూట మేడ మీద నుంచి, దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకును ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే, దాని మీద పెయింటరు రాసిన తేదీ కూడా చదవడానికి వచ్చింది. అప్పటినుంచి అతనికి ఆ ఫోను మీద అపారమైన గురి. బావమరిది కెమెరా ఎంత బరువున్నా దాని మెగాపిక్సెళ్ళు ఇరవై నాలుగే.

"నూట ఎనిమిదిలో ఇరవై నాలుగు ఎన్నిసార్లు పోతుందో నువ్వే చెప్పవోయ్," అని ఇంటికొచ్చినప్పుడల్లా అడిగేవాడు.

"నాలుగున్నరసార్లు, బావగారూ," అనేవాడు ఫొటోగ్రాఫరు శాంతంగా, తన పని తాను చేసుకుంటూ. ఆ శాంతమే మేనేజరుకు గిట్టేది కాదు.

తొమ్మిదీ ముప్పై అయిదుకు చినుకులు మొదలయ్యాయి. నూట పన్నెండు మందినీ ప్యాకింగు షెడ్డులోకి మార్చారు. షెడ్డు ముందు భాగంలో ట్యూబులైట్లున్నాయి కానీ, వెనక వరసవాళ్ళు బల్లలెక్కి నిలబడిన చోట పైన అటక ఉండడంతో మసకమసకగా ఉంది. ఫొటోగ్రాఫరు చుట్టూ ఓసారి చూసి, వెనక ఉన్నవాళ్ళ మీద లైట్లు పెట్టాలనీ అరగంట పడుతుందనీ చెప్పాడు. అరగంట అన్న మాట మేనేజరు ప్రణాళికలో ఎక్కడా లేదు. అతను జేబులోంచి ఫోను తీసి, ముందు వరసకు ఎదురుగా ఒక స్టూలు మీద నిలబెట్టబోయి, అది జారిపోతుంటే మళ్ళీ బావమరిది చేతికే ఇచ్చాడు. "దీంతో తియ్యి. నీ దాంతో కూడా ఒకటి తీసుకో, సరదాకి," అన్నాడు. ఫొటోగ్రాఫరు ఫోనుతో మూడు తీశాడు. తర్వాత తన కెమెరాను స్టాండు మీద పెట్టి, అందరినీ ఓ క్షణం ఊపిరి బిగబట్టమని ఒకటి తీశాడు. పదింటికి యంత్రాలు మొదలయ్యాయి.

ఏ ఫొటో అచ్చుకు పంపాలన్న దాని మీద మేనేజరు రెండో ఆలోచన చేయలేదు. ఫోను ఫొటోని తెరిచాడు. వెనక వరస కాస్త అలికినట్టుంది. దానికీ ఫోనులో మందుంది. 'ముఖాలను మెరుగుపరచు' అని ఒక మీట. నొక్కాడు. చక్రం ఓ నిమిషం గిర్రున తిరిగింది. అలికిన ముఖాలకు కళ్ళూ కనుబొమలూ వచ్చేశాయి. దీని కోసం అరగంట అడిగిన బావమరిది మీద అతనికి జాలి వేసింది.

మంగళవారం ఫొటో గోడకెక్కింది. మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుని, కుడివైపు మొదటి వరస నుంచి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తున్నట్టుగా నడిచింది. మేనేజరు చేతులు కట్టుకుని వెనకే నడిచాడు. మొదటి వరస అయింది, రెండోది అయింది, మూడోది అయింది. నాలుగో వరస చివర, ఎడమ మూల, ఆవిడ ఆగింది.

అక్కడ ఒక మనిషి ఉన్నాడు. ముదురు రంగు కోటు, కళ్ళదాకా దించిన టోపీ, గుండ్రటి గోధుమరంగు ముఖం. చిన్న కళ్ళు, బిగించిన నోరు.

"ఇతనెవరు?"

మేనేజరు చూశాడు. అతనికి కూడా తెలియదు. అయితే ఉద్యోగుల జాబితా తన చేతిలో ఉంచుకుని తెలియదని ఎలా చెప్తాడు? ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆవిడ ముందు తెలియదన్న మాట అనలేదు. "ప్యాకింగులో కొత్తగా చేరాడు మేడమ్," అన్నాడు ధీమాగా.

"కొత్తవాడా? ఈ ముఖం నేనెరుగుదును. చాలా పాతవాడు."

"పాతవాడే మేడమ్. ప్యాకింగుకి కొత్తగా వచ్చాడు."

ఆవిడ ఇంకాసేపు చూసింది. "చెవులు కనపడవేం?" అంది. టోపీ కింద ఉన్నాయని మేనేజరు చెప్పాడు. పేరేమిటని ఆవిడ అడగలేదు. అడగకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. ఉద్యోగి పేరు ఇంకొకరిని అడిగి తెలుసుకోవడం ఆవిడకు యాభై ఏళ్ళలో అలవాటు లేదు. "ఓసారి నా దగ్గరికి పంపించు," అని మాత్రం చెప్పి తన గదిలోకి వెళ్ళింది.

మేనేజరు తిన్నగా ప్యాకింగు సూపర్‌వైజరు దగ్గరికి నడిచాడు. నేరుగా అడిగితే పరువు పోతుందని, "వెనక వరసలో మూలనున్నాయన మీవాడేగా?" అన్నాడు. సూపర్‌వైజరు, తన కింద పనిచేసేవాళ్ళు తనకు తెలుసో లేదోనని మేనేజరు పరీక్ష పెడుతున్నాడనుకున్నాడు. కిందటి నెలే ఒక కొత్త అమ్మాయి పేరు తప్పు చెప్పి చీవాట్లు తిన్నాడు మరి.

"మావాడే సార్. బంగారంలాంటి మనిషి. నోట్లో నాలుక లేదు. చెప్పిన చోట నిలబడతాడంటే నిలబడతాడు, అంతే."

మేనేజరు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. తను ఆడిన అబద్ధం నిజమే అయినందుకు తన అంచనా మీద తనకే గౌరవం కలిగింది. మేడమ్ అతన్ని చూడాలంటున్నారని చెప్తే, సూపర్‌వైజరు ఏమాత్రం తడుముకోకుండా ఇవాళ సెలవన్నాడు. ఆ సాయంత్రం అతను తన కిందివాళ్ళ మధ్య ఆరా తీశాడు. ఒకరు లోడింగువాడన్నారు, ఒకరు స్టోర్సు అన్నారు. తెలియదన్నవాడు ఒక్కడూ లేడు. సూపర్‌వైజరు అడుగుతున్నాడంటే ఏదో ఉండే ఉంటుంది, తెలియదంటే తమకే చుట్టుకుంటుందని ఎవరికి వారే అనుకున్నారు. నలుగురూ అవునన్నాక సూపర్‌వైజరుకు కూడా ఆ మనిషిని ఎక్కడో చూసినట్టే అనిపించింది.

బుధవారం ఈ సంగతి సిబ్బంది ఫైళ్ళు చూసే ఆవిడ దాకా పాకింది. ఆవిడ బీరువాలు రెండుసార్లు వెతికింది. అతని ఫైలు లేదు. కిందటేడు గది మారినప్పుడు రెండు అట్టపెట్టెలు తడిసిపోతే, ఎవరికీ చెప్పకుండా అందులో కాగితాలు ఎండబెట్టుకుంది ఆవిడ. అతని ఫైలు వాటిలోనే పోయిందని నిర్ధారించుకుంది. తప్పు బయటపడకముందే సరిదిద్దడం మంచిదనుకుని, కంప్యూటర్లో ఉన్న అదే ఫొటోలోంచి అతని ముఖం కత్తిరించి కొత్త ఫైలూ గుర్తింపు కార్డూ తయారుచేసింది. పేరు గడి దగ్గర మాత్రం చేయి ఆగింది. ఎవరిని అడిగినా మూలాయన, మూలాయన అంటున్నారు. అదే రాసేసింది.

కార్డు వచ్చాక హాజరు పెట్టెలో దానికో అర వచ్చింది. గురువారం ఉదయం ఆ కార్డు హాజరు యంత్రంలో గీయకుండా ఉండిపోవడం చూసి లోడింగులో పనిచేసే ఒక పుణ్యాత్ముడు, పాపం మరిచిపోయినట్టున్నాడని తన దాంతోపాటు అదీ గీశాడు. సాయంత్రం మరొకరు గీశారు. ఎవరు గీస్తున్నారో ఎవరికీ తెలియదు. అలా వారం తిరిగేసరికి మూలాయన ఒక్క పూట కూడా ఆలస్యంగా రాని ఉద్యోగిగా లెక్కలోకెక్కాడు. గేటు కాపలాదారును అడిగితే, రోజూ వస్తాడనీ, తల ఊపి వెళ్ళిపోతాడనీ చెప్పాడు. లేదంటే, కార్డు మీద హాజరున్న మనిషి గేటు దాటడం నువ్వెలా చూడలేదని అడుగుతారు కదా.

ఇవన్నీ మేనేజరు చెవిన పడుతున్నకొద్దీ అతని ధీమా పెరిగింది. ఇంట్లో భార్యతో కూడా ఆ ఫొటో గురించి గొప్పగా చెప్పాడు. తన ఫోను పుణ్యమాని, అంతవరకూ ఎవరి కంటా పడని ఒక మంచి ఉద్యోగి వెలుగులోకి వచ్చాడన్నాడు.

"వెలుగులోకి వచ్చాడు సరే, మీరు చూశారా అతన్ని?" అంది భార్య.

"రోజూ వస్తున్నాడట."

"అట కాదండీ. మీరు చూశారా?"

మేనేజరుకు ఆ ప్రశ్న నచ్చలేదు. పేపరు తిరగేశాడు.

చూడాలని నిజంగా ప్రయత్నించినది మేడమ్ ఒక్కతే. కబురు చేసింది, రాలేదు. మళ్ళీ చేసింది, ఇప్పుడే బయటికెళ్ళాడన్నారు. సోమవారం తనే కర్ర పట్టుకుని ప్యాకింగు షెడ్డుకు వెళ్ళింది. సూపర్‌వైజరు నాలుగు మెట్లు ఒకే అంగలో దిగొచ్చి, మూలాయన ఈ క్షణమే స్టోర్సుకు వెళ్ళాడని చెప్పాడు. స్టోర్సుకు వెళ్తే, అక్కడివాళ్ళు లోడింగు వైపు చూపించారు. లోడింగులో ఎవరో మర్యాదకు, "ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నాడమ్మా," అన్నారు. మేడమ్ చుట్టూ ఉన్న ముఖాలన్నీ చూసింది. అందరికీ తెలుసు. తనకొక్కదానికే తెలియడం లేదు. ఆవిడ నెమ్మదిగా వెనక్కి నడిచింది. దారిలో రెండుసార్లు ఆగింది.

ఆ మధ్యాహ్నం మేనేజరును పిలిపించి ఒక ఉత్తరం రాసుకోమంది. అతను పెన్ను తీశాడు. ఆవిడ కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"ఈ నెలాఖరుతో నేను తప్పుకుంటున్నాను. నాతో పనిచేసే మనిషిని నేను మరిచిపోయాను. అతను నా ఎదటపడడానికి ఇష్టపడడం లేదంటే, మరిచిపోయానని అతనికి తెలిసిపోయినట్టే. మనుషుల్ని మరిచిపోయే దశ వచ్చాక ఈ కుర్చీలో కూర్చోవడం మర్యాద కాదు." కాస్త ఆగి, "మా అమ్మకూ ఇలాగే మొదలైంది," అంది. "అది రాయకు."

మేనేజరు పెన్ను ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషి గొంతు అలా వినలేదు. ఆవిడ ముందు తెలియదనలేక ఆడిన ఒక్క అబద్ధం, గోరంతది, కొండంతయి ఆవిడ నెత్తిమీదే కూర్చుంది. మంగళవారం సంతకానికి తెస్తానని చెప్పి బయటికొచ్చాడు. వరండాలో నిలబడితే భార్య అడిగిన మాట గుర్తొచ్చింది. మీరు చూశారా? చూడలేదు. సూపర్‌వైజరు చెప్పాడు. సూపర్‌వైజరుకు ఎవరు చెప్పారు? తనే చెప్పాడు. ఆ లెక్క ఎటు నుంచి వేసినా తన దగ్గరికే వచ్చి ఆగింది. సెలవు చీటీ రాయడం కూడా మరిచి స్టూడియోకు బయల్దేరాడు.

ఫొటోగ్రాఫరు ఎవరిదో పాస్‌పోర్టు ఫొటో కత్తిరిస్తున్నాడు. బావగారి ముఖం చూసి కత్తెర పక్కనపెట్టి కుర్చీ జరిపాడు. మేనేజరు నీళ్ళు తాగి, ఆ రోజు సరదాకి తీసిన ఫొటో ఉందా అన్నాడు. ఉంది. ఫొటోగ్రాఫరు ఎప్పుడూ ఏదీ పారెయ్యడు. తెర మీద రెండిటినీ పక్కపక్కన పెట్టి, ఎడమ మూలను పెద్దది చేశాడు.

ఫోను ఫొటోలో మూలాయన బిగించిన నోటితో నిలబడి ఉన్నాడు. కెమెరా ఫొటోలో అక్కడ మనిషి లేడు. ఒక పాత స్టాండు ఉంది. దానికి ఎవరిదో వానకోటు తగిలించి ఉంది, స్టాండు కొసకు టోపీ. టోపీ కింద, వెనక గోడకు, మనిషి తలంత ఒక చెక్క తాళంకప్ప వేలాడుతోంది. దాని మీది రెండు మేకులూ కళ్ళయ్యాయి. తాళంచెవి దూరే కన్నం నోరయింది.

మేనేజరు తెర దగ్గరికి వంగి చూశాడు. చివరికి, "నాది నూట ఎనిమిది కదయ్యా," అన్నాడు, దెబ్బ తగిలిన చోటు తడుముకునే మనిషిలా.

ఫొటోగ్రాఫరు నవ్వలేదు. నాలుగు నెలలుగా ఈ అవకాశం కోసం ఎదురుచూస్తున్నా, బావగారి స్థితి చూసి ఆ నవ్వును వాయిదా వేసుకున్నాడు.

"బావగారూ, మీ ఫోనులో వెలుతురు పడే పలక చిటికెనవేలి గోరంత ఉంటుంది. దాని మీద పదికోట్ల ఎనభై లక్షల చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. నా కెమెరాలో పలక తపాలాబిళ్ళ కంటే పెద్దది. చుక్కలు రెండుకోట్ల నలభై లక్షలే. ఎండలో ఫొటో తీస్తే అందరికీ సరిపడా వెలుతురు వస్తుంది, అప్పుడు ఎన్ని చుక్కలుంటే అంత మంచిది, దూరంగా ఉన్నవి కూడా విడివిడిగా తెలుస్తాయి. మీ నీళ్ళ ట్యాంకు అందుకే అంత బాగా వచ్చింది, దానికి నేనూ దండం పెడతాను. మసకలో అలా కాదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ఒక్కో చుక్కకు చారెడు వెలుతురు కూడా దక్కదు. తనకేం కనపడిందో దానికే తెలియదు, ఏదో ఒకటి చెప్తుంది. అప్పుడు ఫోను పక్క చుక్కల్ని అడిగి, నలుగురూ చెప్పినదాన్ని సర్దేస్తుంది. ఆ పైన మీరు ముఖాలు బాగుచెయ్యమన్నారు. ముఖం ఉందేమోనని వెతికింది, గుండ్రంగా ఒకటి దొరికింది."

తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పడం, పక్కవాళ్ళని అడిగి సర్దేయడం. మేనేజరుకు తన ఆఫీసు మొత్తం కళ్ళముందు తిరిగింది. ఫొటో అచ్చు ఒకటి ఇమ్మన్నాడు. ఫొటోగ్రాఫరు కవరులో పెట్టి ఇస్తూ, తను కూడా రావాలా అని అడిగాడు. వద్దన్నాడు మేనేజరు. ఆ అబద్ధం మొదట ఆడింది తనొక్కడే కాబట్టి ఒప్పుకోవాల్సిందీ తనొక్కడేనన్నాడు. ఆ మాటతో బావమరిది మొదటిసారి గౌరవంగా లేచి నిలబడ్డాడు.

మేడమ్ గది తలుపు తట్టేటప్పుడు మేనేజరు చేతిలో ఉత్తరం లేదు, కవరు ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ మూలనున్నది ఎవరో తనకు తెలియదనీ, ఆ రోజు తెలియదని చెప్పడానికి మొహమాటపడి అబద్ధమాడాననీ, అక్కడ అసలు మనిషే లేడనీ, అది తన ఫోను కల్పించిన ముఖమనీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. కవరు బల్ల మీద పెట్టాడు.

ఆవిడ ఫొటో తీసి దీపం కిందికి జరుపుకుంది. చూసింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చూసింది. మేనేజరు తన ఉద్యోగం గురించి ఆలోచిస్తూ, ఇంట్లో ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాడు.

"పాతవాడని నేను చెప్పానా లేదా?" అందావిడ.

మేనేజరుకు అర్థం కాలేదు.

"మొదటి ప్రదర్శనకి నేను చేయించిన తాళమిది. మన దగ్గర అప్పటికి సరుకు లేదు, చూపించడానికి తాళాల్లేవు. అందుకని చెక్కతో ఇంత పెద్దది చేయించి, భుజాన వేసుకుని బస్సులో తీసుకెళ్ళాను. కండక్టరు దీనికి కూడా టిక్కెట్టు కొట్టాడు. ముప్ఫై ఏళ్ళ కిందట షెడ్డు మారినప్పుడు పోయిందనుకున్నాను." లేచి, వెనకనున్న బీరువా తీసి, అడుగు అరలోంచి మూరెడు పొడుగున్న చెక్క తాళంచెవి ఒకటి బయటికి లాగింది. "చెవులు కనపడవేమని అడిగాను కదా. ఇతని చెవి నా దగ్గరుంది."

ఆవిడ నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత బల్ల పట్టుకుని. మేనేజరు కూడా నవ్వబోయాడు కానీ, ఆవిడ నవ్వు ఆగిన తీరు చూసి ఆపేశాడు. ప్యాకింగు సూపర్‌వైజరునూ, ఫైళ్ళ ఆవిడనూ, గేటు కాపలాదారునూ పిలవమంది.

ముగ్గురూ వరసగా నిలబడ్డారు. మేడమ్ గొంతు చాలా మెత్తగా ఉంది. మూలాయన గురించి ఎవరికేం తెలుసో చెప్పమంది. నోట్లో నాలుక లేనివాడనీ, చెప్పిన చోట నిలబడతాడనీ సూపర్‌వైజరు చెప్పాడు. ఫైలు సక్రమంగా ఉందని ఫైళ్ళ ఆవిడ చెప్పింది. రోజూ తల ఊపుతాడని కాపలాదారు చెప్పాడు. మేడమ్ అన్నీ శ్రద్ధగా విని, అందరినీ వెంటబెట్టుకుని షెడ్డుకు నడిచింది. ఈసారి దారిలో ఎక్కడా ఆగలేదు. అటక కింద వానకోటును కర్రతో పక్కకు జరిపి, గోడ మీది చెక్క తాళాన్ని చూపించింది.

"నాలుక లేదు, నిజమే," అంది సూపర్‌వైజరు వైపు తిరిగి. "నిలబెట్టిన చోటే ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాడు, అదీ నిజమే. తల ఊపడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు."

కాపలాదారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఫైళ్ళ ఆవిడ మాత్రం ఆ క్షణంలోనే తడిసిన అట్టపెట్టెల సంగతి మొత్తం చెప్పేసింది, ఎవరూ అడగకుండానే. మేడమ్ ఎవరినీ ఉద్యోగంలోంచి తీయలేదు. తెలియనిదాన్ని తెలియదనడానికి ఇకమీదట ఎవరి అనుమతీ అక్కర్లేదని నోటీసు బోర్డులో పెట్టించింది. మేనేజరుకు మాత్రం విడిగా ఒక శిక్ష వేసింది. ఫొటో మళ్ళీ తీయించాలి. ఎంతసేపు పడితే అంతసేపు యంత్రాలు ఆపాలి. ఫొటోగ్రాఫరు ఎక్కడ నిలబడమంటే మేనేజరు అక్కడ నిలబడాలి.

గురువారం మంచి ఎండ కాసింది. ఫొటోగ్రాఫరు ఆవరణలో గంటసేపు తీరిగ్గా పనిచేశాడు. నీడలు పడకుండా వరసలు తిప్పాడు, టోపీలు తీయించాడు, ఫ్రేము నిండా మనుషులే ఉండేలా దగ్గరికి జరిగాడు. తన బావగారిని ముందు వరసలో మధ్యలో, మేడమ్ పక్కన, జుట్టు పలచబడిన నడినెత్తి మీద ఎండ సూటిగా పడే చోట కూర్చోబెట్టాడు. మేనేజరు కిక్కురుమనలేదు. పైగా మనసులో గర్వపడ్డాడు కూడా. ఆవరణలో నూట పన్నెండు తలలున్నాయని అతను మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

కొత్త ఫొటో గోడకెక్కిన రోజు మేడమ్ కుడి చివర నుంచి ఎడమ చివరదాకా ఎక్కడా ఆగకుండా నూట పన్నెండు పేర్లూ చెప్పింది. తన ముఖం దగ్గరికొచ్చాక ముడతలన్నీ తీరిగ్గా చూసుకుని, ఒక్కటీ పోలేదని తృప్తిపడింది. రాజీనామా ఉత్తరం సంగతి ఆవిడా ఎత్తలేదు, మేనేజరూ గుర్తుచేయలేదు.

మిగతావాళ్ళు ఫొటో ముందు అంతసేపు నిలబడలేదు. అందులో ప్రతి ముఖం తెలుస్తోంది. సూపర్‌వైజరు మీసానికి వేసిన రంగు ఎక్కడ మొదలై ఎక్కడ చాలకపోయిందో తెలుస్తోంది. ఫైళ్ళ ఆవిడ కళ్ళ కింద నీడలు తెలుస్తున్నాయి. ఒకరి చొక్కా మీద ఆ ఉదయం ఒలికిన టీ, ఒకరి బొత్తాము బదులు పెట్టుకున్న పిన్నీసు, మాటల్లేని ఇద్దరు ఒకరినొకరు ఓరగా చూసుకుంటున్న చూపు, అన్నీ పన్నెండడుగుల వెడల్పున గోడ మీద పట్టపగల్లా కనిపిస్తున్నాయి. మధ్యాహ్నానికల్లా స్టూడియోకు ఫోన్లు మొదలయ్యాయి. సాయంత్రానికి చీటీలు వచ్చాయి. ఫొటో అద్భుతంగా ఉందనీ, వీలుంటే తమ మేరకు వివరం కాస్త తగ్గించమనీ.

మొత్తం ముప్ఫై నాలుగు చీటీలు. ఫొటోగ్రాఫరు వాటిని వరసగా సర్ది, అన్నిటికన్నా ముందొచ్చినదాన్ని పైన పెట్టాడు. అందులో ఆఫీసు మేనేజరు, తన నడినెత్తి వరకూ మాత్రం ఫోనులో తీసిన ఫొటోనే అతికించమని కోరాడు.